గుండ్రటి హెడ్‌లైటు వెనక ఏముంది?

(కొరాపుట్ జిల్లా సునాబేడలో తెలుగువాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దల్లో చాలామంది ఇక్కడి హెచ్‌ఏఎల్ యుద్ధవిమానాల ఇంజిన్ల ఫ్యాక్టరీలో మిగ్ ఇంజిన్లు, సుఖోయ్ ఇంజిన్లు విప్పి బిగించినవాళ్లు. మీ ఎదుట 20 గుర్రాల బలమున్న సింగిల్ సిలిండర్ మోటార్‌సైకిల్ గురించి మాట్లాడటమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. పిలిచింది మీరే కాబట్టి ఓ గంట భరించండి. (నవ్వులు)

వెనక నిలబడ్డ తమ్ముళ్లు మాత్రం ఒక్క ప్రశ్నే పట్టుకొచ్చారు. పాతకాలపు రూపుతో వస్తున్న కొత్త బళ్లలో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ తీసుకోవాలా, హోండానా, ట్రయంఫా? చెబుతాను. అయితే యూట్యూబులో చెప్పేవాళ్లు పెద్ద ఊళ్ల బయట ఆరు లైన్ల రోడ్డు మీద నడిపి చెబుతారు. మనకి ఆ రోడ్డు లేదు. సాలూరులో పెట్రోలు కొట్టించుకుని, సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి మీదుగా ఇంటికి చేరాలి. విశాఖపట్నం నుంచి రాయపూర్ పోయే లారీలన్నీ ఆ 26వ నంబరు జాతీయ రహదారి మీదే. మలుపులో మన ముందు లారీ ఫస్ట్ గేరులో మూలుగుతూ పోతుంటుంది, వెనక ఇంకొకడు హారన్ కొడుతుంటాడు. నేను బళ్లని అక్కడ నిలబెట్టి చూస్తాను.

ముందు పాత బళ్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే షోరూములో అమ్మేది సగం ఆ జ్ఞాపకాన్నే.

పాత బుల్లెట్ స్టార్ట్ చేయడం ఎందరికి గుర్తుంది? చేతులెత్తండి. అబ్బో, బాగానే ఉన్నారు. కుర్రాళ్ల కోసం చెబుతాను. తాళం తిప్పగానే హెడ్‌లైటు పైన ఉన్న, కరెంటు చూపే చిన్న యాంప్ మీటరులో ముల్లు ఎడమకి వాలుతుంది. కిక్కు మీద కాలు ఆనించి మెల్లగా తొక్కుతుంటే ఒకచోట గట్టిపడుతుంది. పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చిందన్నమాట. సరిగ్గా అక్కడ ప్లగ్గుకి నిప్పురవ్వ ఇప్పించే పాయింట్లు విడిపోయి, ముల్లు మధ్యకి వచ్చి నిలబడుతుంది. అప్పుడు ఎడమ చేతి దగ్గరున్న, సిలిండర్‌లో ఒత్తిడి వదిలించే డీకంప్రెసర్ మీట నొక్కి, పిస్టన్‌ని వెంట్రుకవాసి ముందుకి జరిపి, మీట వదిలి, కిక్కుని పైకి రానిచ్చి, ఒక్క తన్ను. డుగ్... డుగ్... డుగ్. ఆ ముల్లు చూడకుండా ఊరికే తంతే కిక్కు వెనక్కి తిరగబడి పిక్క మీద కొట్టేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. న్యూట్రల్ దొరక్కపోతే మడమతో నొక్కడానికి విడిగా ఇంకో మీట.

జావా, యెజ్డీలది ఇంకో వింత. కిక్కూ గేరూ ఒకటే మీట. స్టార్ట్ చేశాక దాన్నే ముందుకి వాల్చి గేరు మార్చేవాళ్లు. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ పొగ వాసన గుర్తొచ్చి కళ్లు మూసుకునేవాళ్లు ఇప్పుడు కూడా ఈ హాల్లో ఉన్నారు, చూస్తూనే ఉన్నాను. (నవ్వులు)

ఇంకో కష్టం మనలాంటి ఎత్తు మీద ఉండేవాళ్లకే తెలుసు. సునాబేడ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పల్చన. కింద సాలూరులో ట్యూనింగ్ చేయించిన కార్బురేటర్, అంటే గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం, ఇక్కడికొచ్చేసరికి గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువై, బండి కాస్త బరువెక్కినట్టు ఉండేది. ప్లగ్గు విప్పితే మసి. మిస్త్రీ స్క్రూ తిప్పి సర్దేవాడు. మళ్లీ కిందికి దిగితే ఇంకో ట్యూనింగు. నిజం మాట్లాడుకుంటే ఇదంతా తలనొప్పే. పాత రోజులే బాగుండేవి అనేవాళ్లని ఆ రోజుల బండి ఇచ్చి ఆఫీసుకి వెళ్లి రమ్మనండి. వారం తిరక్కుండా స్కూటీ అడుగుతారు.

కంపెనీలకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే రూపు మాత్రం ఉంచి, లోపల అంతా మార్చేశారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2009లో క్లాసిక్ తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక వచ్చిన బళ్ల రూపు అది. విడిగా స్ప్రింగుల మీద నిలబడ్డ సీటు, కన్నీటి బొట్టు ఆకారంలో ట్యాంకు, హెడ్‌లైటుని పట్టుకున్న ఇనుప చట్రం. ఆ బండి ఆ కంపెనీ జాతకాన్నే మార్చేసింది. తర్వాత అందరూ అదే దారి పట్టారు. 2018లో జావా పేరు తిరిగొచ్చింది, 2020లో హోండా హైనెస్ వచ్చింది, 2022లో యెజ్డీ, 2023లో బజాజ్ చేతిలో తయారైన ట్రయంఫ్ స్పీడ్ 400.

మధ్యలో చట్టాలు కూడా పని చేశాయి. 2019 నుంచి 125 సీసీ పైబడిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉండాల్సిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నియమాలు వచ్చి పెద్ద బళ్లలో కార్బురేటర్‌కి చోటు లేకుండా చేసింది. అంటే ఇవాళ మీరు కొనే ఏ పాతకాలపు బండిలోనైనా పెట్రోలు కొలిచి పోసేది కంప్యూటరే, దాన్నే ఫ్యూయల్ ఇంజెక్షన్ అంటారు. గాలి ఎంత పల్చనో చూసుకుని తనే సర్దుకుంటుంది. పొట్టంగిలో స్క్రూ తిప్పాల్సిన పని లేదు.

ఒక తమాషా చెబుతాను. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్లు బాన్‌విల్ బండికి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టినప్పుడు, ఆ కొత్త భాగాల్ని అచ్చం పాత కార్బురేటర్లలా కనిపించేట్టు పోతపోశారు. బయటినుంచి చూస్తే కార్బురేటరే. లోపల అసలు విషయం వేరు. దీన్ని మోసం అనుకునేవాళ్లున్నారు. నాకైతే అభ్యంతరం లేదు. పెళ్లికి పంచె కట్టుకున్నవాడి జేబులో స్మార్ట్‌ఫోన్ ఉంటే ఎవరికి నష్టం?

సరే, ఘాటీకి వద్దాం.

బండి కొనేటప్పుడు అందరూ అడిగేది బీహెచ్‌పీ, అంటే ఎన్ని గుర్రాల బలం అని. మన రోడ్డుకి ఆ అంకె అంత ముఖ్యం కాదు. లాగే బలం, టార్క్ అంటాం కదా, అది ఎన్ని తిరుగుళ్ల దగ్గర వస్తుందో చూడండి. క్లాసిక్ 350, హంటర్ 350, కొత్త బుల్లెట్, ఈ మూడు రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లలోనూ ఒకే ఇంజిన్. 349 సీసీ, 20.2 బీహెచ్‌పీ, 27 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ టార్క్ నిమిషానికి 4,000 తిరుగుళ్ల దగ్గరే వచ్చేస్తుంది. హోండా హైనెస్‌లో 30 న్యూటన్ మీటర్లు, అదీ 3,000 దగ్గరే. ట్రయంఫ్ స్పీడ్ 400 ఇంకా బలమైంది. దాదాపు 40 గుర్రాలు, 37.5 న్యూటన్ మీటర్లు. కానీ ఆ పూర్తి బలం అందాలంటే 6,500 దాకా తిప్పాలి.

ఎందుకిలా? సిలిండర్ కొలతలు చూస్తే తెలిసిపోతుంది. హెచ్‌ఏఎల్ పెద్దలకి ఇది ఒకటో తరగతి పాఠం. హోండా సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90.5. క్లాసిక్‌ది 72, 85.8. అంటే సన్నగా పొడుగ్గా ఉండే సిలిండర్లు. పిస్టన్ చాలా దూరం పోయి రావాలి, కాబట్టి ఎక్కువ వేగంగా తిరగలేదు. పక్కనే ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది, తక్కువ వేగంలో కూడా ఊపు తగ్గనివ్వదు. ట్రయంఫ్‌ది దీనికి తిరగేసిన లెక్క. వెడల్పు 89, ప్రయాణం 64. పొట్టిగా లావుగా ఉంటుంది. చకచకా తిరుగుతుంది, వేగంలో బలం చూపిస్తుంది. అసలు 70, 90 అనే కొలత పాత బుల్లెట్ 350ది. హోండా వాళ్లు జపాన్‌లో కూర్చుని గీసిన బండి ఆ కొలతకి అంత దగ్గరగా వచ్చి ఆగడం చూస్తే నాకు నవ్వొస్తుంది. మనకేం కావాలో వాళ్లు బాగానే పట్టుకున్నారు.

ఇప్పుడు సుంకి మలుపు దగ్గర చూడండి. లారీ నడక వేగంలో ఉంది. మీరు వెనక సెకండ్ గేరులో 20 కిలోమీటర్ల వేగంతో ఉన్నారు, వెనక సీటు మీద ఇంటావిడ, ఒళ్లో సంచి. అవతలి వైపు ఖాళీ దొరికింది. క్లాసిక్‌లో అయితే గేరు మార్చక్కర్లేదు. యాక్సిలరేటర్ తిప్పితే డుగ్‌డుగ్‌మంటూ అదే ఎక్కేస్తుంది. వేగంగా కాదు, ఏ కుదుపూ లేకుండా. హోండా కూడా అంతే, ఇంకా మెత్తగా. అయితే దాని గేర్లు కాస్త పొడుగు. ఒక్కోసారి ఫస్ట్‌కి దిగాల్సి వస్తుంది, క్లచ్ తేలిక కాబట్టి చెయ్యి నొప్పెట్టదు. ట్రయంఫ్‌లో అదే పని చేయాలంటే గేరు దించి, ఇంజిన్‌ని కొంచెం అరిపించి, ఒక్క దూకు. లారీ దాటేసరికి మీకు ఒళ్లు పులకరిస్తుంది, వెనకావిడ వీపు మీద ఒకటి వేస్తుంది. (నవ్వులు) ఒంటరిగా తిరిగే పాతికేళ్ల కుర్రాడికి నేను ట్రయంఫే చెబుతాను. దానికి బరువు కూడా తక్కువ, 2023లో వచ్చినది 176 కిలోలు. క్లాసిక్ 195 కిలోలు. బురదలో బండి పడిపోతే ఆ 19 కిలోల తేడా నడుముకి తెలుస్తుంది.

జావాల విషయం తొందరగా చెప్పేస్తాను. రూపులో నాకు వాటికంటే అందమైనవి లేవు. ఒకే సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు, అటొకటి ఇటొకటి, పాతవాటిలాగే. ఇంజిన్‌కి నీళ్లతో చల్లబరిచే రేడియేటర్ ఉంది, వేడెక్కదు. కానీ బండిని గట్టిగా తిప్పితేనే హుషారు. పైగా స్పేర్ పార్టుల కోసం ఎంత దూరం పోవాలో ముందే కనుక్కోండి. అందాన్ని చూసి ఇంటికి తెచ్చుకుని, ఒక కేబుల్ కోసం నెల ఆగడం ఎవరికీ బాగుండదు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల 650లు, ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ, మంచి బళ్లు. రెండు సిలిండర్లు, 47 గుర్రాలు, 2018లో వచ్చినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. ఇంటర్‌సెప్టర్ పెట్రోలు పోయకముందే 202 కిలోలు. మన ఘాటీకి అవసరమా అంటే అవసరం లేదు. అవసరం కోసం ఎవరు కొంటారులెండి.

అసలు ఈ బళ్లలో ఏముంది, ఎందుకు ఇంత మోజు? నా అభిప్రాయం ఇది. రూపు చూసి కొంటారు. కానీ నడిపేది, అమ్మేయకుండా ఏళ్ల తరబడి ఉంచుకునేది ఆ నెమ్మది లాగుడు కోసం.

ఆ శబ్దం మాటే తీసుకోండి. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ రెండు తిరుగుళ్లకి ఒకసారి పేలుతుంది. నిమిషానికి 2,400 తిరుగుళ్లంటే సెకనుకి 20 పేలుళ్లు. మన చెవి సుమారు సెకనుకి 20 దాకా దెబ్బల్ని విడివిడిగా పట్టుకోగలదు. అది దాటితే అన్నీ కలిసిపోయి ఒకే రాగమైపోతుంది. మామూలు 150 సీసీ బండిని 5,000 దగ్గర నడుపుతాం, అందుకే జుయ్‌మంటుంది. క్లాసిక్‌నో హైనెస్‌నో నాలుగో గేరులో 45 దగ్గర పోనిస్తే అది ఆ గీత దగ్గరే తచ్చాడుతుంటుంది. ఒక్కో దెబ్బ విడిగా వినిపిస్తుంది. ఇంజిన్ ఏం చేస్తోందో ఒంటికి తెలుస్తుంటుంది. ఎక్కుడులో దెబ్బలు దూరమైతే గేరు దించాలని చెయ్యి తనంతట తనే చెబుతుంది, మీటరు చూడక్కర్లేదు.

దీనివల్ల ఇంకో మేలుంది. 60 దగ్గరే తృప్తిగా ఉంటుంది. తక్కిన బళ్లు 60లో పోతుంటే ఇంకా పో, ఇంకా పో అని తొందరపెడతాయి. ఇవి పెట్టవు. పొట్టంగి దాటాక అలసందలు, అల్లం, కాఫీ తోటలు, దూరంగా దేవమాలి కొండ... ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. సంత రోజైతే నెత్తిన గంపలు పెట్టుకుని వరసగా నడిచే ఆడవాళ్లు. 60లో పోతే ఇవన్నీ కనబడతాయి, రోడ్డు మధ్యకి వచ్చిన మేక కూడా కనబడుతుంది. 100లో పోయేవాడికి మేక మాత్రమే కనబడుతుంది, అదీ ఆఖరి క్షణంలో.

ఆ శబ్దం పేరు చెప్పి సైలెన్సర్ మార్చేవాళ్లున్నారు. తమ్ముళ్లూ, దయచేసి వద్దు. లోపలి జాలీ తీసేస్తే వచ్చేది డుగ్‌డుగ్ కాదు, బాంబు. హాస్పిటల్ వీధిలో రాత్రి పదింటికి అది మోగితే మనకి తగిలే తిట్లు తెలుగులో, ఒడియాలో, ఇక్కడి కొండ భాష దేశియాలో కూడా ఉంటాయి. పోలీసు చలానా వేరు.

దిగేటప్పటి సంగతి ఇంకా ముఖ్యం. ఘాటీ ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఈ పొడుగు పిస్టన్ ఇంజిన్లకి వెనక్కి పట్టే గుణం బాగా ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే బండిని అదే ఆపుకుంటూ వస్తుంది. క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో జార్చుకుంటూ పెట్రోలు మిగులుతుందనుకునేవాళ్లు ఉన్నారు. ఇంజెక్షన్ బండిలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ పెట్రోలే ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆరిపోకుండా పోస్తూనే ఉండాలి. అంటే మిగిలేదేమీ లేదు. పైగా బరువంతా బ్రేకుల మీద పడి, డిస్కు కాలి, పట్టు తగ్గుతుంది. సరిగ్గా అదే సమయంలో ఎదురుగా లారీ వస్తుంది.

చక్రాల దగ్గర ఒక మాట. తీగల చక్రాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కానీ సాధారణంగా వాటిలో ట్యూబు ఉంటుంది. ట్యూబు పంక్చరైతే చక్రం విప్పాల్సిందే. సుంకి మలుపులో, వానలో, సాయంత్రం ఆరింటికి చక్రం విప్పే సరదా మీకుంటే తీగలవి తీసుకోండి. లేదంటే అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. మేకు దిగినా ఒక పుల్ల గుచ్చి, గాలి కొట్టుకుని ఇంటికి రావొచ్చు. హంటర్‌లో, హైనెస్‌లో, ట్రయంఫ్‌లో అల్లాయ్ దొరుకుతాయి. హంటర్‌కి 17 అంగుళాల చిన్న చక్రాలు కాబట్టి మలుపులో చురుగ్గా తిరుగుతుంది, గుంతల్లో మాత్రం కొడుతుంది. మొదట వచ్చినవాటి వెనక సస్పెన్షన్ మరీ గట్టి, 2025లో దాన్ని మార్చారు. సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోండి.

ధర మాట వస్తే ఒకటి గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటితే 40 శాతం. 349 సీసీ బండికీ 398 సీసీ బండికీ మధ్య ఇంజినీర్లు పెట్టిన తేడా కంటే ప్రభుత్వం పెట్టిన తేడా పెద్దదైపోయింది. షోరూమువాడు చెప్పే ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకుని పోల్చుకోండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర చెల్లెమ్మ చెయ్యెత్తింది... తన ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, ఏది నడపగలను అని. చూడమ్మా, సీటు ఎత్తు కాగితం మీద క్లాసిక్‌ది 805 మిల్లీమీటర్లు, 2023లో వచ్చిన ట్రయంఫ్‌ది 790. తేడా చిన్నదే. కానీ సీటు ముందు భాగం ఎంత సన్నగా ఉందో కూడా చూసుకోవాలి, వెడల్పు సీటు కాళ్లని పక్కకి తోసేస్తుంది. బరువు కూడా లెక్కలోకి వస్తుంది. హంటర్, హైనెస్ రెండూ 181 కిలోలే. బండి మీద కూర్చుని, స్టాండ్ తీసి, ఎడమకాలి మునివేళ్ల మీద నిలబెట్టుకోగలిగితే చాలు. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలనేమీ లేదు.

బాబాయ్ అడుగుతున్నారు, పార్వతీపురంలో ఎవరో పాత క్లాసిక్ 500 అమ్ముతున్నారు, తెచ్చుకోవచ్చా అని. బండి మంచిదే బాబాయ్, 2020లో ఆపేశారు కాబట్టి గిరాకీ కూడా ఉంది. కాకపోతే అది ఆంధ్రా నంబరు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకోవాలి, ఏడాది దాటి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి ఓడీ-10 నంబరు వేయించుకోవాలి, రోడ్డు ట్యాక్స్ కట్టాలి. చాలామంది ఆ నంబరుతోనే ఏళ్ల తరబడి తిరిగేస్తుంటారు, యాక్సిడెంట్ అయిన రోజున ఇన్సూరెన్సువాడు కాగితాలు అడిగితే తెలుస్తుంది. డబ్బులిచ్చే ముందు ఎన్‌ఓసీ చేతికి తీసుకోండి. అలాగే పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద మీ చేత్తో స్టార్ట్ చేసి చూడండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నాడనే.

టెస్ట్ రైడ్ ఎలా చేయాలని ఇంకో తమ్ముడు అడిగాడు. షోరూము ముందు రోడ్డు ఎప్పుడూ చదునుగానే ఉంటుంది, అక్కడ అన్ని బళ్లూ బాగానే ఉంటాయి. దగ్గరలో ఎత్తుగా ఉన్న వీధి ఏదో అడిగి అక్కడికి తీసుకెళ్లు. వెనక ఒక మనిషిని ఎక్కించుకో. సగం ఎత్తులో బండి ఆపి, సెకండ్ గేరులోనే కదిలించి చూడు. వణక్కుండా కదిలితే అది మన ఘాటీకి పనికొస్తుంది. తిరిగొచ్చాక ఇంజిన్ ఆపకుండా రెండు నిమిషాలు మోకాలు ట్యాంకుకి ఆనించి కూర్చో. వేడి ఎంత తగులుతుందో, అద్దంలో వెనక బండి నంబరు కనబడుతుందో వణుకుతుందో చూసుకో. ఆ తర్వాతే రంగు ఎంచుకో.